మధుమేహ ఔషధాలు – మద్యపానం: రక్తంలో చక్కెర పతనంపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

మధుమేహం ఉన్నవారు మద్యం తాగితే రక్తంలో చక్కెర పెరుగుతుందన్న భావన సమాజంలో బలంగా ఉంది. ఇన్సులిన్, సల్ఫొనైల్‌యూరియా వర్గపు మాత్రలు వాడేవారికి తక్షణ ప్రాణాపాయం ఇందుకు వ్యతిరేకదిశలో పొంచి ఉంటుంది. ఆ అపాయం చక్కెర పడిపోవడం. ఇది తాగిన వెంటనే కాక కొన్ని గంటల తర్వాత, తరచు నిద్రలో సంభవిస్తుంది. దీని లక్షణాలు మత్తు లక్షణాలను పోలి ఉండటంతో చుట్టూ ఉన్నవారు గుర్తించలేరు. కాలేయంలో జరిగే జీవరసాయనిక చర్యలు, ఔషధవర్గాల మధ్య భేదాలు, తెలుగునాట మద్యపానరీతులు, జనవ్యవహారంలోని నమ్మకాలు ఆధారంగా ఈ అంశాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మధుమేహం, మద్యం, కాలేయం, చక్కెర పతనం, సల్ఫొనైల్‌యూరియా, మెట్‌ఫార్మిన్, కల్లు, ఆరోగ్యభాష.

1. ఉపోద్ఘాతం

భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగిన ఇండియాబ్ అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో సుమారు 10.1 కోట్ల మంది మధుమేహంతో జీవిస్తున్నారు. 2019–21 మధ్య జరిగిన 5వ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 ఏళ్లు దాటిన పురుషుల్లో మద్యం తాగుతామని చెప్పినవారు తెలంగాణలో 43.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23.3 శాతం. దేశసగటు 18.8 శాతం. ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఉదయం మధుమేహ మాత్ర వేసుకొని సాయంత్రం మద్యం తాగేవారు తెలుగు రాష్ట్రాల్లో అరుదు కాదని బోధపడుతుంది.

అయినా ఈ రెండింటి కలయిక గురించి వైద్యుడి గదిలో జరిగే సంభాషణ చాలా స్వల్పం. "తాగుతారా?" అన్న ప్రశ్నకు రోగి మొగమాటంతో "లేదండీ" అంటాడు. "మానెయ్యండి" అన్న ఒక్కమాటతో వైద్యుడు ముగిస్తాడు. ఏ మందుతో ఏ అపాయం, అది ఎన్ని గంటలకు వస్తుంది, ఇంట్లోవారు దేన్ని చూసి గుర్తుపట్టాలి అన్న విషయాలు చర్చకే రావు. ఆ ఖాళీని నమ్మకాలు నింపుతాయి.

2. వ్యాధి పేరు – అవగాహన

మధుమేహం అన్న సంస్కృతపదంలో 'మధు' ఉంది. పాశ్చాత్య వైద్యంలో ఈ వ్యాధినామానికి చేరిన 'మెలిటస్' అన్న లాటిన్ మాటకూ తేనెలా తియ్యనిదనే అర్థం. జనవ్యవహారంలో ఇది 'షుగర్', 'చక్కెర వ్యాధి'. రోగికి ఉన్న జబ్బు పేరు, రక్తంలో కొలిచే పదార్థం పేరు, టీలో వేసుకునే వస్తువు పేరు ఒక్కటే కావడం ఈ వ్యాధికి ఉన్న ప్రత్యేకత. అందువల్ల 'షుగర్ ఉన్నవారు తీపి తినకూడదు' అన్న సూత్రం తేలికగా నాటుకుపోయింది.

మద్యం విషయంలో ఆ సూత్రమే దారి తప్పిస్తుంది. విస్కీ, బ్రాందీ వంటివి తియ్యగా ఉండవు. వాటిలో చక్కెర దాదాపు ఉండదు కూడా. కనుక "బీరు అయితే షుగర్ పెరుగుతుంది, విస్కీ అయితే ఏమీ కాదు" అన్న తీర్మానం పుట్టింది. ఇందులో మొదటిభాగం కొంతవరకు నిజమే. బీరులో పిండిపదార్థాలుంటాయి. విస్కీలో చక్కెర లేదన్నదీ నిజమే. అయితే లెక్కించవలసింది సీసాలోని చక్కెరను కాదు, కాలేయం రక్తంలోకి వదిలే చక్కెరను. ఈ భేదమే మొత్తం సమస్యకు కీలకం.

3. కాలేయం – రెండు బాధ్యతలు

భోజనానికీ భోజనానికీ నడుమ, రాత్రి నిద్రలో, మెదడుకు అవసరమైన గ్లూకోజును ప్రధానంగా సరఫరా చేసేది కాలేయం. ఇది రెండు మార్గాల్లో జరుగుతుంది. మొదటిది, గ్లైకోజన్ రూపంలో దాచిన నిల్వను కరిగించడం. పెద్దవారి కాలేయంలో ఈ నిల్వ సుమారు 100 గ్రాములు. ఉపవాసంలో ఒక రోజు గడిచేసరికి అది దాదాపు ఖర్చవుతుంది. రెండవది, లాక్టేట్, అమైనో ఆమ్లాలు, గ్లిసరాల్ వంటివాటి నుంచి గ్లూకోజును కొత్తగా తయారుచేయడం. దీన్ని నవగ్లూకోజు నిర్మాణం అనవచ్చు.

మద్యాన్ని విచ్ఛిన్నం చేసే బాధ్యతా ప్రధానంగా కాలేయానిదే. ఆల్కహాల్ మొదట అసిటాల్డిహైడ్‌గా, ఆపైన అసిటేట్‌గా మారుతుంది. ఈ రెండు మెట్లలోనూ ఎన్.ఏ.డి. అనే సహకారక అణువు ఖర్చయి, హైడ్రోజన్ చేరిన ఎన్.ఏ.డి.హెచ్. రూపంలోకి మారుతుంది. కణంలో ఈ రెండవ రూపం పేరుకుపోయినప్పుడు పైరువేట్ లాక్టేట్ వైపు, ఆక్సలోఅసిటేట్ మాలేట్ వైపు మళ్లుతాయి. గ్లూకోజు తయారీకి కావలసిన ముడిసరుకు ఈ విధంగా దారి మళ్లడంతో నవగ్లూకోజు నిర్మాణం కుంటుపడుతుంది. 1963లో నార్బర్ట్ ఫ్రైంకెల్ బృందం, ఆహారం లేని స్థితిలో శుద్ధమైన ఆల్కహాల్ ఒక్కటే చక్కెరను పడగొట్టగలదని ప్రయోగపూర్వకంగా చూపింది. 1969లో హాన్స్ క్రెబ్స్ బృందం కాలేయంలో ఆల్కహాల్ గ్లూకోజు నిర్మాణాన్ని ఎలా నిరోధిస్తుందో వివరించింది.

గ్లైకోజన్ నిల్వ ఉన్నంతసేపు ఈ లోటు బయటపడదు. కడుపునిండా భోజనం చేసినవారికి ఆ నిల్వ రాత్రంతా ఆదుకుంటుంది. పగలంతా సరిగా తినక, సాయంత్రం తాగి, అన్నం తినకుండా పడుకున్నవారికి నిల్వ తరిగేవేళకు తయారీ కూడా ఆగి ఉంటుంది. మధుమేహ మందులు లేనివారిలో శరీరం అప్పటికి ఇన్సులిన్ స్రావాన్ని తగ్గించుకొని ప్రమాదాన్ని కొంత తప్పించుకుంటుంది. సూదిద్వారా ఎక్కించిన ఇన్సులిన్‌కు గాని, ఇన్సులిన్‌ను బలవంతంగా స్రవింపజేసే మాత్రకు గాని ఆ విచక్షణ లేదు.

4. కొలతలు, కాలవ్యవధి

మన దేశంలో అమ్మే విస్కీ, బ్రాందీ, రమ్ములలో ఆల్కహాల్ సాధారణంగా ఘనపరిమాణంలో 42.8 శాతం ఉంటుంది. ఒక మిల్లీలీటరు ఆల్కహాల్ బరువు 0.79 గ్రాములు. ఈ లెక్కన 60 మి.లీ. పెగ్గులో సుమారు 20 గ్రాములు, 180 మి.లీ. క్వార్టర్‌లో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 650 మి.లీ. బీరుసీసాలో 5 శాతం రకమైతే సుమారు 26 గ్రాములు, 8 శాతం స్ట్రాంగ్ రకమైతే సుమారు 41 గ్రాములు ఉంటుంది. అమెరికాలో వైద్యసలహాలకు వాడే 'ఒక డ్రింకు' 14 గ్రాములు. అక్కడి మధుమేహసంఘం, తాగడం మానలేనివారికి రోజుకు పురుషులైతే రెండు, స్త్రీలైతే ఒక డ్రింకుకు మించరాదని చెబుతూ వచ్చింది. అంటే క్వార్టర్ తాగినవారు నాలుగు డ్రింకులకు మించి తాగినట్లు. "రోజుకు రెండు పరవాలేదట" అన్నమాట ఇక్కడికి చేరేసరికి రెండు పెద్ద పెగ్గులుగా మారితే, అది దాదాపు మూడు డ్రింకులవుతుంది.

కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాల్‌ను మాత్రమే వదిలించుకోగలదు. రాత్రి 9 గంటలకు క్వార్టర్ ముగించినవారి కాలేయం వేకువజాము 3 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు ఆ పనిలోనే ఉంటుంది. మత్తు దిగినట్లు అనిపించినా, చల్లనినీళ్లతో స్నానం చేసినా, మజ్జిగో కాఫీయో తాగినా ఈ వేగం మారదు.

అపాయం తెల్లవారాక కూడా కొనసాగవచ్చు. 2001లో ప్రచురితమైన టర్నర్ బృందం అధ్యయనంలో, మొదటిరకం మధుమేహం ఉన్న ఆరుగురు పురుషులకు రాత్రి 9 గంటలకు ఒకసారి వైనును, మరొకసారి నీటిని ఇచ్చి పరిశీలించారు. వైను తాగిన సందర్భంలో మరునాడు ఉదయం 10 గంటల తర్వాత అయిదుగురికి చక్కెర పడిపోయి చికిత్స అవసరమైంది. నీరు తాగిన సందర్భంలో ఎవరికీ అలా జరగలేదు. రాత్రివేళ చక్కెరను నిలబెట్టడానికి తోడ్పడే పెరుగుదల హార్మోన్ స్రావం వైను తాగిన రాత్రి తగ్గినట్లు కూడా గుర్తించారు. పరిశీలనలో పాల్గొన్నవారు కొద్దిమందే అయినా, తాగినవేళకూ ప్రమాదవేళకూ ఎంత దూరం ఉండగలదో ఇది స్పష్టం చేసింది.

5. ఔషధవర్గాలు – అపాయంలో భేదాలు

5.1 సల్ఫొనైల్‌యూరియాలు: గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిపిజైడ్ ఈ వర్గానికి చెందినవి. ధర తక్కువ కావడంతో మనదేశంలో విరివిగా వాడతారు. 1942లో ఫ్రాన్స్‌లోని మోంపెలియేలో టైఫాయిడ్ రోగులకు ఇచ్చిన ఒక సల్ఫా మందు వల్ల చక్కెర పడిపోవడాన్ని మార్సెల్ జాన్‌బోన్ గమనించడం వీటి ఆవిష్కరణకు మూలం. చక్కెరను పడగొట్టడం ఈ వర్గానికి పుట్టుకతో వచ్చిన గుణమన్నమాట. రక్తంలో చక్కెర ఎంత ఉన్నా ఇవి క్లోమగ్రంథి చేత ఇన్సులిన్‌ను స్రవింపజేస్తాయి. వృద్ధుల్లో, మూత్రపిండాల శక్తి తగ్గినవారిలో గ్లిబెన్‌క్లమైడ్ ప్రభావం మరింత దీర్ఘంగా ఉంటుంది. ఈ వర్గంలో పాతదైన క్లోర్‌ప్రొపమైడ్ వాడేవారు మద్యం తాగితే ముఖం ఎర్రబారి వేడెక్కేది.

5.2 ఇన్సులిన్: తాగిన రాత్రి ఎక్కువ ప్రమాదం ఉన్న మరో వర్గం ఇది. భోజనానికి ముందు సూది వేసుకొని, కబుర్లలో పడి భోజనాన్ని ఆలస్యం చేయడం అపాయాన్ని రెట్టింపు చేస్తుంది. అలాగని మొదటిరకం మధుమేహం ఉన్నవారు భయపడి ఇన్సులిన్ పూర్తిగా మానేస్తే కీటోఆమ్లత ఏర్పడి ప్రాణం మీదికి వస్తుంది.

5.3 మెట్‌ఫార్మిన్: ఇది ఒంటరిగా వాడినప్పుడు చక్కెరను సాధారణంగా ప్రమాదస్థాయికి దించదు. దీనితో ఉన్న చిక్కు వేరు. మెట్‌ఫార్మిన్ కాలేయం లాక్టేట్‌ను వినియోగించుకోవడాన్ని తగ్గిస్తుంది. మద్యం లాక్టేట్‌ను పెంచుతుంది. ఆరోగ్యవంతమైన మూత్రపిండాలున్నవారిలో లాక్టిక్ ఆమ్లత చాలా అరుదు. ఒకేసారి అతిగా తాగేవారిలో, నిత్యం తాగి కాలేయం చెడినవారిలో, వాంతులతో నీరసించినవారిలో, మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో ఆ అరుదైన స్థితికి దారి ఏర్పడుతుంది. అది వచ్చిందంటే ప్రాణాంతకం. మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడితే విటమిన్ బి12 తగ్గవచ్చు. అతి మద్యపానం నరాలను దెబ్బతీస్తుంది. మధుమేహం వల్ల అప్పటికే పాదాల్లో తిమ్మిరి ఉన్నవారికి ఇది మూడోదెబ్బ.

5.4 గ్లిఫ్లోజిన్లు: డపగ్లిఫ్లోజిన్, ఎంపగ్లిఫ్లోజిన్ వంటివి చక్కెరను మూత్రం ద్వారా బయటికి పంపుతాయి. వీటివల్ల కీటోఆమ్లత కలగవచ్చని అమెరికా ఔషధనియంత్రణ సంస్థ 2015లో హెచ్చరించింది. అతిగా తాగడం, తిండి మానడం ఆ ప్రమాదాన్ని పెంచే కారణాల్లో ఉన్నాయి. ఈ కీటోఆమ్లతలో చక్కెర అంతగా పెరగకపోవచ్చు. గ్లూకోమీటరు అంకె చూసి ధైర్యపడితే మోసపోవడమే. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనబడితే మద్యం పడలేదని సరిపెట్టుకోరాదు.

5.5 ఓగ్లిబోజ్, అకార్బోజ్: ఇవి పేగుల్లో పిండిపదార్థాల విచ్ఛిన్నతను ఆలస్యం చేస్తాయి. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, ఓగ్లిబోజ్ మూడూ కలిసిన మాత్రలు మన మందులషాపుల్లో దొరుకుతాయి. ఈ మాత్ర వాడేవారికి చక్కెర పడిపోయినప్పుడు పంచదార నీళ్లు ఆలస్యంగా పనిచేస్తాయి. పంచదారను గ్లూకోజుగా విడగొట్టే ఎంజైమును మందు అడ్డుకోవడమే అందుకు కారణం. వీరికి ఇవ్వవలసింది నేరుగా గ్లూకోజు పొడి. ఇది చిన్న విషయంలా కనిపించినా, ఆ క్షణంలో ప్రాణం నిలిపే విషయం.

గ్లిప్టిన్లు, జి.ఎల్.పి.-1 వర్గపు మందులు ఒంటరిగా వాడినప్పుడు చక్కెర పడిపోయే అవకాశం తక్కువ. వాటిని సల్ఫొనైల్‌యూరియాతోనో ఇన్సులిన్‌తోనో కలిపి వాడినప్పుడు పైన చెప్పిన అపాయమే వర్తిస్తుంది. తన మాత్రలో ఏయే మందులు కలిసి ఉన్నాయో రోగికి తెలియకపోవడం ఇక్కడ పెద్ద లోపం.

6. మత్తా, చక్కెర పతనమా?

రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములకన్నా తగ్గితే చక్కెర పతనంగా, 54కన్నా తగ్గితే తీవ్రంగా పట్టించుకోవలసిన స్థితిగా పరిగణిస్తారు. చెమటలు, చేతులవణుకు, గుండెదడ, ఆకలి తొలి హెచ్చరికలు. తర్వాత మాట తడబడటం, అడుగు తూలడం, చిరాకు, మతిమరుపు, మగత కనిపిస్తాయి. ఆ తర్వాత మూర్ఛ, అపస్మారకం.

ఈ రెండో వరసను మరొకసారి గమనించాలి. మాట తడబడటం, తూలడం, చిరాకు, మగత – తాగినవారి గురించి చెప్పినా ఇవే మాటలు చెబుతారు. తాగినవ్యక్తి తన తొలి హెచ్చరికలను తాను గుర్తించలేడు. నోటి నుంచి మద్యపువాసన వస్తూండటంతో చూసేవారు మరో కారణం వెతకరు. "ఎక్కువైంది, పడుకోనివ్వండి" అంటారు. చక్కెర పడిపోతున్న వ్యక్తిని ఒంటరిగా నిద్రకు వదిలేసే ఈ మాట, సదుద్దేశంతో అన్నదే అయినా, మొత్తం వ్యవహారంలో అత్యంత ప్రమాదకరమైనది. తరచు తాగివచ్చే మనిషి మీద ఇంట్లోవారికి సహజంగా ఉండే విసుగు కూడా ఆ రాత్రి అతణ్ని పలకరించనివ్వదు.

అత్యవసర చికిత్సలోనూ మద్యం ఒక అడ్డంకి అవుతుంది. స్పృహ తప్పినవారికి ఇచ్చే గ్లూకగాన్ సూది కాలేయంలోని గ్లైకోజన్‌ను కరిగించి పనిచేస్తుంది. తినకుండా తాగినవారిలో ఆ నిల్వే ఉండకపోవచ్చు. వారికి నరంలోకి గ్లూకోజు ఎక్కించవలసి ఉంటుంది. సల్ఫొనైల్‌యూరియా వల్ల పడిన చక్కెర ఒకసారి పెరిగి మళ్లీ పడిపోగలదు. అందుకే తేరుకున్న వెంటనే ఇంటికి పంపక ఆసుపత్రిలో పరిశీలనలో ఉంచుతారు.

7. కల్లు – ప్రత్యేకపరిశీలన

తాటి, ఈత చెట్ల నుంచి దించిన నీరా తియ్యగా ఉంటుంది. సహజంగా చేరే ఈస్టు ఆ చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తూ పోతుంది. పొద్దెక్కేకొద్దీ తీపి తగ్గి పులుపూ మత్తూ పెరుగుతాయి. ఒకే కుండలోని కల్లు ఉదయం చక్కెరను పెంచవచ్చు. సాయంత్రానికి అదే కల్లు, తిండి లేని మనిషికి, రాత్రి చక్కెరను తగ్గించవచ్చు. సీసామీద శాతం రాసి ఉండే మద్యానికి వేసే లెక్క దీనికి వేయడం సాధ్యం కాదు. కల్లు 'ఒంటికి చలువ' అన్న విశ్వాసం ఈ అనిశ్చితిని మరుగుపరుస్తుంది.

కల్తీకల్లు మరింత ప్రమాదకరం. తెలంగాణలో క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మత్తుపదార్థాలు కలిపిన కల్లు పదేపదే పట్టుబడింది. ఈ మందులు మగతను పెంచి, చక్కెర పతనపు లక్షణాలను మరింత కప్పివేస్తాయి. అటువంటి కల్లుకు అలవాటుపడినవారు హఠాత్తుగా మానితే మూర్ఛ, వణుకు, మతిభ్రమణ కలగవచ్చు. మధుమేహం ఉన్న వ్యక్తిలో ఈ లక్షణాలు కనబడితే మొదట చక్కెర పరీక్ష చేయడం తప్పనిసరి.

8. వాడుకలోని నమ్మకాలు

8.1 "తాగినరోజు మాత్ర మానేస్తే సరి": ఉదయం వేసుకున్న గ్లిమెపిరైడ్ ప్రభావం దాదాపు 24 గంటలు ఉంటుంది. సాయంత్రపు మాత్ర మానినంత మాత్రాన ఉదయపు మాత్ర ఒంట్లోంచి పోదు. వారంలో నాలుగురోజులు తాగేవారు నాలుగురోజులు మందు మానితే వ్యాధి అదుపు తప్పుతుంది. మందు మార్పును వైద్యుడే నిర్ణయించాలి.

8.2 "మంచింగ్ తిన్నాం కదా": పల్లీలు, వేయించిన మాంసం, గుడ్లు ప్రధానంగా మాంసకృత్తులు, కొవ్వు. వాటినుంచి గ్లూకోజు తయారుకావాలంటే కాలేయమే పని చేయాలి. మద్యం అడ్డగించేది సరిగ్గా ఆ పనినే. అన్నం, రొట్టె, ఉప్మా వంటి పిండిపదార్థాలున్న భోజనానికి మంచింగ్ ప్రత్యామ్నాయం కాదు.

8.3 "తాగినప్పుడు చూస్తే షుగర్ తగ్గింది, కాబట్టి మందు మంచిదే": ఆ తగ్గుదల ఆరోగ్యచిహ్నం కాదు, కాలేయం తన పని చేయలేకపోతున్నదని చెప్పే సూచన. గ్రాముకు 7 కిలోకేలరీలిచ్చే ఆల్కహాల్ కాలక్రమంలో బరువును, రక్తంలో ట్రైగ్లిజరైడ్లను, కాలేయంలో కొవ్వును పెంచి మధుమేహాన్ని మొండిదిగా మారుస్తుంది.

9. ఆచరణయోగ్యమైన జాగ్రత్తలు

మద్యం ఆరోగ్యానికి సురక్షితమైన పరిమాణమంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. మధుమేహానికి మందులు వాడేవారికి మానివేయడమే ఉత్తమమార్గం. కాలేయ, మూత్రపిండ వ్యాధులు, క్లోమశోథ, నరాల బలహీనత, తరచు చక్కెర పడిపోయే చరిత్ర ఉన్నవారికి, గర్భవతులకు ఇందులో మినహాయింపు లేదు. ఏళ్లతరబడి రోజూ తాగుతున్నవారు మాత్రం వైద్యుడి పర్యవేక్షణలోనే మానాలి.

మాననివారికి చెప్పవలసిన మాటలు కూడా ఉన్నాయి. ఖాళీకడుపుతో తాగరాదు. పడుకునేముందు భోజనం చేయాలి, చక్కెర పరీక్షించుకోవాలి. మరునాడు ఉదయం మళ్లీ పరీక్షించుకోవాలి. కష్టమైన శారీరకశ్రమ చేసినరోజు ప్రమాదం ఎక్కువ. పక్కన ఉన్న ఒక్కరికైనా తమకు మధుమేహం ఉందని, ఏ మందు వాడుతున్నారో తెలిసి ఉండాలి.

ఇంట్లోవారు గుర్తుంచుకోవలసిన క్రమం ఇది: మధుమేహ మందులు వాడే మనిషి తాగి అసహజంగా ఉంటే ముందు గ్లూకోమీటరుతో చూడాలి. మీటరు లేకపోతే చక్కెర పడిపోయిందనే భావించాలి. స్పృహ ఉండి మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించాలి. తేరుకున్నాక భోజనం పెట్టాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. ఒకపక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. వచ్చినవారికి మద్యం సంగతీ, మాత్రల సంగతీ రెండూ దాచకుండా చెప్పాలి.

10. ముగింపు

మద్యమూ మధుమేహ ఔషధాలూ కలిసినచోట అపాయం ఒకే రూపంలో ఉండదు. సల్ఫొనైల్‌యూరియా, ఇన్సులిన్‌లతో అది చక్కెర పతనం; మెట్‌ఫార్మిన్‌తో అరుదుగా లాక్టిక్ ఆమ్లత; గ్లిఫ్లోజిన్లతో కీటోఆమ్లత. వీటిలో తరచు సంభవించేదీ, సకాలంలో గుర్తిస్తే ఇంట్లోనే ఆపగలిగేదీ చక్కెర పతనం. దాన్ని గుర్తించనివ్వని ఆటంకాలు రెండు: వ్యాధిని తీపితో మాత్రమే ముడిపెట్టే భాష, తాగినమనిషి ప్రతి లక్షణాన్నీ మత్తుకే అంటగట్టే అలవాటు. తెలుగులో తయారయ్యే మధుమేహ అవగాహన పత్రాలు, వైద్యకళాశాలల్లో రోగిసంభాషణ శిక్షణ, మందుల అట్టలపై తెలుగు సూచనలు 'షుగర్ పెరగడం'తో పాటు 'షుగర్ పడిపోవడం' గురించి సమానంగా మాట్లాడవలసిన అవసరం ఉంది. తాగేవారిని మందలించడం మాత్రమే ఆరోగ్యబోధ కాదు. తాగివచ్చిన మనిషిని నిద్రకు వదిలేసే ముందు ఒక్కసారి చక్కెర పరీక్షించాలన్న సంగతి ప్రతి ఇంటికీ చేరడం అంతకన్నా ముందు జరగవలసిన పని.